విసుగు చేరవలసిన చోటు



అమెరికాలో ప్రభుత్వం మీద కలిగే విసుగులో ఎక్కువ భాగం ఆలస్యం వల్లే పుడుతుంది. ఎన్నికల్లో ఇచ్చిన మాట చట్టం కాదు. ఒక సభలో నెగ్గిన బిల్లు రెండో సభలో మూలనపడుతుంది. నాయకుల పట్టుదలలు ఇందుకు కొంత కారణమే గాని, పాలన నిర్మాణంలోనే అసలు కారణం ఉంది. 1787లో రాజ్యాంగం రాసినవారు అధికారమంతా ఒక్కచోట పడకూడదని దాన్ని పంచిపెట్టారు. ప్రతినిధుల సభ, సెనేట్, అధ్యక్షుడు ఒప్పుకుంటేనే మామూలుగా బిల్లు చట్టమవుతుంది. దాదాపు 3.9 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరు సెనేటర్లే, 6 లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. పైగా 100 మంది ఉన్న సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగుకు వెళ్లాలంటే చాలా బిల్లులకు 60 మంది కలిసిరావాలి. ఈ 60 రాజ్యాంగంలోది కాదు, సభ తనకు తాను పెట్టుకున్న నియమం. 1917లో అది మూడింట రెండు వంతులుగా మొదలై, 1975లో అయిదింట మూడు వంతులకు తగ్గింది. కాబట్టి ఒక పార్టీ నుంచి 51 మంది గెలిచినంత మాత్రాన అనుకున్నవన్నీ జరిగిపోవు.

ఈ ప్రతిష్టంభన జనానికి కొట్టొచ్చినట్టు కనిపించేది బడ్జెట్ దగ్గర. ఏటా అక్టోబరు 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. ఆలోపు 12 కేటాయింపు బిల్లులో, తాత్కాలిక ఏర్పాటో కుదరకపోతే చాలా కార్యాలయాలు మూతపడతాయి. 2018 డిసెంబరులో మొదలైన షట్‌డౌన్ 35 రోజులు సాగింది. 2025 అక్టోబరు 1న మొదలైనది 43 రోజులు నడిచింది. అలాంటి రోజుల్లో విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసే ఉద్యోగి జీతం చేతికి రాకుండానే డ్యూటీ చేస్తాడు. బకాయి తర్వాత అందుతుంది గాని, ఇంటి అద్దె అప్పటిదాకా ఆగదు. పొడవాటి క్యూలో నిలబడ్డవాడి కోపం ఆ ఉద్యోగి మీద పడటం అన్యాయం. తగువు తెచ్చినవాడు అతడు కాడు, దాని భారం మోస్తున్నవాడు.

కొన్ని అంకెలైతే ఏళ్ల తరబడి కదలవు. పెట్రోలు మీద కేంద్ర పన్ను 1993 నుంచి గాలన్‌కు 18.4 సెంట్లే. రోడ్లు వేసే ఖర్చు పెరుగుతున్నా పన్ను మారలేదు. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది. ఏటా రెండుసార్లు గడియారాలు మార్చే పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022 మార్చిలో సెనేట్ ఏకగ్రీవంగా బిల్లు ఆమోదించింది. ప్రతినిధుల సభ దాన్ని ఓటింగుకే తీసుకోలేదు.

తెలుగు కుటుంబాలను నేరుగా తాకే సమస్య గ్రీన్‌కార్డు, అంటే శాశ్వత నివాస అనుమతి. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల కోటాలో ఏటా సుమారు 1,40,000 కార్డులు. భార్యాభర్తలు, పిల్లలు ఆ లెక్కలోకే వస్తారు. ఏ దేశానికైనా పరిమితి 7 శాతం. అందుకే భారతీయుల వరస ఏళ్లకేళ్లు సాగుతోంది. ఈ పరిమితి ఎత్తివేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా మార్పులతో ఒప్పుకుంది. రెండు సభల పాఠాలకూ పొంతన కుదిరేలోపే ఆ కాంగ్రెస్ (ఉభయ సభల) గడువు తీరి బిల్లు చెల్లకుండా పోయింది. తల్లిదండ్రుల మీద ఆధారపడి వచ్చిన పిల్లవాడికి 21 ఏళ్లు నిండేలోపు వరస రాకపోతే, వాడి దారి వాడు వేరే వెతుక్కోవలసి రావచ్చు. ఈ బాధ నిజమైనది. అయినా త్వరగా కార్డు అందుకున్న ఇతర దేశాలవారిని తిట్టుకోవడం తగదు. ఆ నియమం వాళ్లు పెట్టింది కాదు.

వాషింగ్టన్ ఆగినా పాలనంతా ఆగదు. ఆ దేశంలో సుమారు 90 వేల స్థానిక ప్రభుత్వాలున్నాయి. బడుల ఖర్చులో కేంద్రం ఇచ్చేది దాదాపు పదో వంతే, తక్కినది రాష్ట్రమూ స్థానిక పన్నులూ భరిస్తాయి. స్కూలు బస్సు ఎంత దూరం నుంచి వస్తుంది, వీధి చివర సిగ్నల్ పెడతారా, పక్క స్థలంలో ఏ కట్టడానికి అనుమతి ఇస్తారు వంటివి స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్, కౌంటీ తేలుస్తాయి. చాలా రాష్ట్రాలు కనీస వేతనాన్ని సొంతంగా పెంచుకున్నాయి. స్థానిక సభలు తలుపులు తెరిచి జరుగుతాయి. చాలాచోట్ల జనం మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలు ఇస్తారు. సగం ఖాళీ కుర్చీలున్న ఆ గదిలో విషయం తెలుసుకుని వచ్చిన అయిదుగురి మాటకు విలువ ఉంటుంది. అక్కడ మాట్లాడటానికి సాధారణంగా పౌరసత్వం అడగరు. ఇల్లు కొని ఆస్తిపన్ను కడుతున్న వీసాదారుకు స్థానిక బడి తీరు గురించి అడిగే నైతిక హక్కు ఉంది.

హద్దులూ తెలిసి ఉండాలి. కేంద్ర ఎన్నికల్లో పౌరులు కానివారు ఓటు వేయడం నేరం. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ దగ్గర ఓటరుగా నమోదవుతారా అన్న ప్రశ్న కూడా రావచ్చు. చూడకుండా అవునని టిక్కు పెడితే, అది రేపు పౌరసత్వ దరఖాస్తుకే అడ్డం పడవచ్చు. గ్రీన్‌కార్డు కూడా లేనివారు ఎన్నికల ప్రచారానికి విరాళం ఇవ్వకూడదు. ఏదైనా దరఖాస్తు కేంద్ర కార్యాలయంలో ఇరుక్కుంటే ప్రతినిధుల సభ సభ్యుడి నియోజకవర్గ కార్యాలయాన్ని అడగవచ్చు. సంతకం చేసిన అనుమతి పత్రం ఇస్తే వాళ్లు ఆరా తీస్తారు. నిర్ణయం మార్చలేరు గాని, కదలిక తేగలరు.

పౌరులైనవారి బాధ్యత ఇంకా పెద్దది. జాతీయ ఎన్నికలు నవంబరులో మంగళవారం, పనిదినాన జరుగుతాయి. చాలా రాష్ట్రాలు ముందుగానో, తపాలాలోనో ఓటు వేయనిస్తాయి గనుక తీరిక లేదన్న సాకు చాలామందికి చెల్లదు. అధ్యక్షుడి పేరు దగ్గర గుర్తు పెట్టి, బ్యాలెట్ అడుగున ఉన్న స్కూల్ బోర్డు, న్యాయమూర్తి, బాండు ప్రతిపాదనలను ఖాళీగా వదిలేయడం సగం ఓటు పారేసుకోవడమే.

విసుగు కలిగినప్పుడు ముందు ఆ విషయం ఎవరి పరిధిలోదో తెలుసుకోవాలి. తర్వాత చట్టం ఇచ్చిన దారిలో, నిజం తప్పకుండా, ఎదుటివారిని కించపరచకుండా అడగాలి. ఒక్కసారితో పని కాకపోతే మళ్లీ అడగాలి. నెమ్మదిగా కదలడానికే కట్టిన వ్యవస్థలో ఓపిక కూడా పౌరధర్మమే. అయితే ఊరికే కూర్చునేవాడి మౌనాన్ని ఓపిక అనరు.