నల్లరాతి గీత

ఇంగ్లండు ఉత్తరభాగమున, వియర్ నది మూడు ప్రక్కల చుట్టి పాఱుచున్న గుట్టపై, 1093లో పునాది పడి నలువదేండ్లలో ప్రధాననిర్మాణము ముగిసిన డర్హాం కెథీడ్రల్‌ను చూడ వచ్చినవారెల్లరు మొదట దాని స్తంభములనే కొనియాడుదురు. కొనియాడదగినవే. ఏనుగు దేహములవంటి ఆ రాతికంబములలో ఒకదానిపై వంకరగీతలు, వేఱొకదానిపై వజ్రాకృతులు లోతుగా చెక్కి, వాని బరువునంతయు మఱపించిన శిల్పుల నేర్పునకు చేయెత్తి మ్రొక్కవలసినదే.

నేనును తలయెత్తియే నడచితిని. అయినను నన్ను నిలువరించినది పడమటికొసకు చేరువగా నేలలో అడ్డముగ పొదిగిన నల్లరాతి పట్టీ. ఈ ఆలయమున సన్న్యాసుల మఠమున్న కాలమున స్త్రీలు దానిని దాటి లోనికి పోరాదు. ఇందు సమాధి గొన్న కత్‌బర్ట్ మహనీయునకు ఆడుగాలి గిట్టదని అందులకు కారణము చెప్పెడివారట! 687లో గతించిన ఆ పుణ్యపురుషుడు బ్రతికియుండగా మఠాధ్యక్షురాండ్రతో గౌరవస్నేహములు నెఱపినవాడు. ఆయనకీ ద్వేషమును అంటగట్టినది నాలుగు శతాబ్దముల పిదప వచ్చిన సన్న్యాసులు. మహాత్ములు పోయిన పిమ్మట వారి పేర గీతలు గీయువారికి ఏ దేశమునను కొఱత లేదు. మన గడపలకును ఇది క్రొత్త గాదు.

ఇక ఉత్తరద్వారమున సింహమువంటి వికృతముఖమొకటి నోట కంచుకడియము గఱచుకొని యున్నది. ఇప్పుడున్నది ప్రతిరూపము, అసలుది లోపల భద్రపఱచిరి. హత్య చేసి పాఱివచ్చినవాడైనను ఆ కడియము తట్టెనా, రేయనక పగలనక సన్న్యాసులు తలుపు తీసి, భుజముపై పసుపుపచ్చ సిలువ గల నల్లయంగీ తొడిగి, 37 దినములు అన్నము పెట్టి కాపాడెడివారు. ఆలోపల శత్రువులతో రాజీపడుటయో, దేశము విడిచిపోవుటయో వాడే తేల్చుకొనవలెను. హంతకునకు తెఱచుకొనిన వాకిట, ఏ తప్పు నెఱుగని తల్లికి నేలమీద గీత!

ఇంతకంటె ఘోరము 1650లో జరిగినది. డన్‌బార్ యుద్ధమున ఆంగ్లసేనాని క్రామ్‌వెల్‌కు చిక్కిన స్కాట్లండు సైనికులను ఇంచుమించు మూడువేలమందిని, పూజలుడిగిన ఈ ఆలయమున త్రోసి బంధించిరి. ఆకలికిని రోగమునకును దాదాపు 1,700 మంది మడిసిరి. చలికి తాళలేక లోపలి కొయ్యపని నంతయు విఱిచి కాల్చుకొనిరని చెప్పుదురు. అవే గోడలు, అదే తలుపు. తాళపుచెవి చేతులు మాఱినది, అంతియే.

వారి శవముల జాడ మూడున్నర శతాబ్దములు ఎవ్వరెఱుగరు. 2013లో ప్రక్కనే విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు కాఫీశాల కట్టుటకై త్రవ్వగా ఎముకలు బయల్పడినవి. స్కాట్లండునకు పంపుడని కోరినవారు లేకపోలేదు. అయినను 2018లో వానిని డర్హాం శ్మశానముననే పూడ్చిరి. బలవంతముగ తెచ్చినవారిని చచ్చిన పిదపనైన ఇల్లు చేర్చియుండవలసినదని నా యభిప్రాయము.