పుంజో పెట్టో తెలిసేదాకా

వంకాయలు కొనేటప్పుడు పుచ్చు ఉందో లేదో తిప్పి చూస్తాం. చీర కొనేటప్పుడు రంగు దిగుతుందేమోనని కొంగు తడిపి చూస్తాం. కోడిపిల్లల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎంత గడసరి ఇల్లాలైనా దేవుడిమీద భారం వెయ్యాల్సిందే. గంపలో పాతిక పిల్లలుంటాయి. అన్నీ దూదిపింజల్లా ఉంటాయి, అన్నీ కియ్యోమంటాయి. అమ్మేవాణ్ణి అడిగితే "అన్నీ పెట్టలేనమ్మా" అంటాడు. అడిగినావిడ పుంజులు కావాలందనుకోండి, "అన్నీ పుంజులేనమ్మా" అంటాడు. అతన్ననుకుని ఏం లాభం? అతనికీ తెలీదు.

ఈమధ్య మళ్లీ పెరటికోళ్ల సరదా మొదలైంది. పల్లెటూళ్లు వదిలి టౌనుకొచ్చినప్పుడు కోళ్లని కూడా అక్కడే వదిలేసి వచ్చాం. ఇప్పుడు ఊరిచివర కాస్త ఖాళీ జాగా ఉన్నవాళ్లంతా ఓ గూడు కట్టి నాలుగు పిల్లల్ని తెచ్చుకుంటున్నారు. మా వీధిలో నాతో కలిపి ఐదిళ్లలో ఉన్నాయి. గంపల్లో నాటుపిల్లలతోపాటు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కూడా కలిసి వస్తున్నాయి. వనరాజా గుడ్డుకీ కూరకీ రెంటికీ పనికొస్తుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకోసం. పెద్దయ్యాక వీటిని గుర్తుపట్టడం అంత కష్టం కాదు. పసితనంలోనే చిక్కు.

ముందు జాతి సంగతి చెప్తాను. ఒంటిమీది నూగు రంగుని నమ్మడానికి లేదు. ఇవాళ నల్లగా ఉన్న పిల్ల రెండు నెలలకి చారలు తేలుతుంది. కాళ్లు చూడాలి, తలమీది తురాయి చూడాలి. అసీలు పిల్లయితే కాళ్లు పొడుగు, తురాయి బఠానీ గింజలు పేర్చినట్టు పొట్టిగా ఉంటుంది. లెగ్‌హార్న్ అయితే రంపం పళ్లలాంటి నిలువు తురాయి. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కడక్‌నాథ్ అయితే ముక్కూ కాళ్లూ చర్మమూ అన్నీ నలుపే.

ఇంతవరకూ బాగానే ఉంది. పుంజా పెట్టా అన్న దగ్గరకొచ్చేసరికి ఈ గుర్తులే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పుంజుపిల్లకి తురాయి ముందుగా ఎర్రబడుతుందంటారు. నిజమే, చాలావాటికి ఐదారు వారాలకే ఆ తేడా కనిపిస్తుంది. కానీ అసీలుకి తురాయే చిన్నది, కడక్‌నాథ్‌కేమో దాంట్లోనూ నలుపే. నిటారుగా నిలబడేది పుంజు అంటారు. అసీలులో పెట్టపిల్ల కూడా దండనాయకుడిలాగే నిలబడుతుంది. అంచేత జాతి తేలకుండా ఆడామగా తేల్చబోతే నవ్వులపాలవుతాం. కాస్త నమ్మదగ్గ గుర్తు మూడు నెలలకి గాని రాదు. మెడమీదా, నడుం చివరా ఈకలు సన్నగా మొనదేలితే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. అప్పటికి ఎలాగూ పుంజన్నది గొంతు సవరించుకుంటూనే ఉంటుంది.

దానికీ ఓ మినహాయింపుందండోయ్. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి, చట్టం వద్దంటున్నా, పందాలు వేసేవాళ్లు పుంజుల్ని రంగునిబట్టి కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అని పేర్లు పెట్టి పిలుస్తారు. వాటిలోనే 'పెట్టమారు' అని ఒకటుంది. పుంజే, కానీ ఈకలు మాత్రం అచ్చం పెట్టలాగే ఉంటాయి. ప్రకృతికి మన పట్టికలతో పనిలేదు కాబోలు.

మా వీధిలో ఎవరి శాస్త్రం వారిది. చప్పట్లు కొడితే తలెత్తి చూసేది పుంజు, చతికిలబడేది పెట్ట అని పాలు పోసే మనిషి అంటుంది. మొనదేలిన గుడ్డులోంచి పుంజే వస్తుందని ఎదురింటి మామ్మగారు ఘంటాపథంగా చెబుతారు. ఆవిణ్ణి చూసి నవ్వడానికి లేదు. అరిస్టాటిల్ అంతటివాడు మొనదేలిన పొడుగాటి గుడ్డులో పెట్ట ఉంటుందని రాశాడు. తరవాత నాలుగు వందల ఏళ్లకి రోము దేశంలో వ్యవసాయం గురించి గ్రంథం రాసిన కొలుమెల్లా అబ్బే, అందులో ఉండేది పుంజు అన్నాడు. తీరా చూస్తే గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకీ సంబంధమే లేదు.

అసలు సంబంధం ఎక్కడుందో తెలిస్తే మీరూ ముచ్చటపడతారు. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రినుంచి వచ్చే కణం. కోళ్లలో అది తల్లినుంచి వస్తుంది. అంటే పెట్టపిల్లలు పుట్టినా పుంజుపిల్లలు పుట్టినా దానికి కారణం నిజంగానే తల్లి. అయినా ఏ పుంజూ తన పెట్టని పుట్టింటికి పంపినట్టు వినలేదు. తల్లికి ఏ పాపమూ తెలియని మన జాతిలోనే ఆ ముచ్చట జరిగింది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాటకొస్తాను. పిల్లలు గూటికొచ్చిన మొదటి రెండు నెలలూ నా పెరట్లో రామరాజ్యమే. ఏది ఏమిటో తెలీదు కాబట్టి అన్నిటికీ ఒకే నూకలు, ఒకే తవుడు, ఒకే ముద్దు. గద్ద నీడ పడితే అన్నిటికోసమూ ఒకేలా పరిగెడతాను. తరవాత ఒకరోజు ఒకదాని తురాయి ఎర్రబడుతుంది. ఆ మర్నాటినుంచీ వీధిలో మాటలు మారిపోతాయి. "ఇది పుంజేనమ్మా, దీనికింకా జొన్నలెందుకు?" అంటుంది పాలమనిషి. నిన్నటిదాకా అదీ అదే చేతి గింజలు తిన్నది. అది మారలేదు. దాన్ని గురించి మనకి ఒక సంగతి తెలిసింది, అంతే.

మనం రెండు నెలలు ఆగితే, వ్యాపారానికి ఆగే తీరిక లేదు. జపాన్‌లో మసూయి, హషిమొటో అనే శాస్త్రజ్ఞులు ఒక్కరోజు పిల్లని చేతిలోకి తీసుకుని, వెనకభాగం పరీక్షించి ఆడామగా చెప్పే విద్యని కనిపెట్టారు. 1933లో ఆ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. దాంట్లో ఆరితేరినవాళ్లు గంటకి వందలకొద్దీ పిల్లల్ని చెరోవైపూ వేరుచేస్తారు. కొన్ని సంకరజాతుల్లో ఆ కష్టం కూడా అక్కర్లేదు, రెక్క విప్పి ఈకల పొడవు చూస్తే చాలు. గుడ్లకోసం పెంచే జాతిలో పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, కూరకి సరిపడా కండా పట్టదు. అంచేత పుట్టినరోజే దాని బతుకు ముగుస్తుంది. ప్రపంచం మొత్తంమీద ఏడాదికి ఇలా పోయేవి వందల కోట్లు. తిరనాళ్లలో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లల్ని మీరూ చూసుంటారు. వాటిలో ఎక్కువభాగం ఇలా వద్దనుకున్న పుంజుపిల్లలే. జర్మనీలో 2022 జనవరినుంచి పుట్టిన పిల్లల్ని చంపకూడదని చట్టం తెచ్చారు. దాంతో ఇరవై ఒక్క రోజుల పొదుగు పూర్తికాకముందే గుడ్డులోపలే ఆడామగా చెప్పే యంత్రాలు రంగంలోకి దిగాయి.

పుట్టకముందే లోపల చూసి చెప్పే యంత్రం! ఆ మాట వినగానే మీకు గుర్తొచ్చిందే నాకూ గుర్తొచ్చింది.

మా పక్కింటి కోడలికి ఏడో నెల. నెమ్మదస్తురాలు. సాయంకాలాలు మా పెరటి అరుగుమీద కూచుని కోళ్లని చూస్తుంది. ఓ రోజు వీధివాళ్లంతా చేరి పిల్లల్ని పుంజులూ పెట్టలూ అని విడదీస్తూ, మాటల్లో మాటగా ఆ అమ్మాయినీ చూడ్డం మొదలెట్టారు. కడుపు కిందికి జారిందని ఒకరు, మొహంలో కళ తగ్గింది కాబట్టి ఫలానా అని ఇంకొకరు, పులుపు అడిగిందా తీపి అడిగిందా అని మరొకరు. మామ్మగారి గుడ్డు శాస్త్రం కంటే ఇది ఏమీ మెరుగు కాదు. అందరూ వెళ్లాక ఆ అమ్మాయి నన్నొక్క మాట అడిగింది. "పిన్నిగారూ, పుంజులని తెలిశాక మీరు వాటిని వేరేగా చూస్తారా?"

అడిగింది కోళ్ల గురించి కాదని మా ఇద్దరికీ తెలుసు.

కోడిపిల్లనీ ఆడపిల్లనీ ఒకే గాట కట్టానని కోప్పడకండి. పెరట్లో అక్కర్లేనిది మగది, ఇంట్లో చాలామందికి అక్కర్లేనిది ఆడది. ఏది పనికొస్తుందన్న లెక్క మారిందే తప్ప లెక్క చూసే బుద్ధి ఒక్కటే. ఆ బుద్ధికి భయపడే మనవాళ్లు 1994లో చట్టం చేశారు. 1996నుంచి అది అమల్లో ఉంది. స్కానింగ్ చేసేచోట 'ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు' అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు చిన్నతనంగా ఉంటుంది. 'తెలిస్తే మీరు న్యాయంగా ఉండలేరు, అంచేత మీకు చెప్పం' అని ప్రభుత్వం మన మొహంమీదే అంటోంది. కాదనడానికి మన దగ్గర జవాబేదీ? ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001 జనాభా లెక్కల్లో 927 మంది. 2011లో 919. చట్టం ఉండగా వచ్చిన అంకె ఇది. చట్టం ఉండాల్సిందే. కాని అది చెయ్యగలిగింది కళ్లకి గంతలు కట్టడం వరకే.

గంతలు ఎంతకాలం? మా అమ్మకి నేను మూడో ఆడపిల్లని. అప్పటికి స్కానింగులూ లేవు, బోర్డులూ లేవు. ఈసారి మగపిల్లాడేనని మా నాయనమ్మకి గట్టి నమ్మకం. అమ్మకి రోజూ వెన్నముద్ద, కుంకుమపువ్వు వేసిన పాలు, గాజుల వేడుక, అన్నీ ఘనంగా జరిగాయట. అంటే తొమ్మిది నెలలపాటు మా ఇంట్లో నేను మగపిల్లవాణ్ణే! నర్సమ్మ బయటికొచ్చి మాట చెప్పాక ఆ పూటనుంచీ పాలలో కుంకుమపువ్వు మానేశారు. ఈ సంగతి అమ్మ నవ్వుతూనే చెప్పేది. నేనూ నవ్వుతూనే వినేదాన్ని. పెద్దయ్యేకొద్దీ నాకు అర్థమైందేమిటంటే, ఆ తొమ్మిది నెలల ఆదరణ నాది కాదు. తెలియకపోవడంవల్ల దొరికింది, తెలియగానే పోయింది. తెలియనప్పుడు అందరినీ సమానంగా చూడ్డం మంచితనం కాదండీ. వేరుచేసే వీలు లేకపోవడం, అంతే. మంచితనమన్నది ఉంటే గింటే అది తెలిసిన మర్నాడు బయటపడాలి.

కోసుకు తినేవాళ్లు కూడా న్యాయం మాట్లాడతారా అని మీరడగొచ్చు. అడగాల్సిన మాటే. ఎనిమిది పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. పుంజులెక్కువైతే కొట్టుకుంటాయి, పెట్టల్ని గాయపరుస్తాయి. మిగిలినవి పండగనాటికి కూరలోకే వెళతాయి. మా ఇంట్లోనూ అంతే, దాచుకునేదేం లేదు. కాని మా అత్తగారు ఒక నియమం పెట్టుకున్నారు. గింజలు చల్లేటప్పుడు ఏది ఎందుకు పనికొస్తుందో చూసేవారు కాదు. పుంజులకి దండగెందుకని ఎవరైనా అంటే, "అది ఇవాళ బతికే ఉందిగా! ఇవాళ్టి తిండి ఇవాళ పెట్టాల్సిందే" అనేవారు. ఆవిడ ధర్మశాస్త్రాలేవీ చదవలేదు. ప్రాణమున్నదానికి మనకి పనికొచ్చినందుకు కాక, ఆకలేసినందుకు పెట్టాలని మాత్రం ఆవిడకి తెలుసు. కోడి విషయంలో ఆ నియమం దాని ఆయుష్షు పెంచదు. కాని పెట్టే చేతిని అది పాడవనివ్వదు. కోడికే అంత నియమం ఉన్నప్పుడు బిడ్డకి ఎంత ఉండాలి?

ఆ అమ్మాయికి మా అత్తగారి మాటే చెప్పాను. "పుంజని తెలుస్తుంది, పెట్టని తెలుస్తుంది. గింజలు మాత్రం అవే" అన్నాను. కాసేపు ఊరుకుని, "మా ఇంట్లో కూడా అలాగే ఉంటే బావుణ్ను" అంది. దానికి నేనిచ్చే జవాబు లేదు. అది వాళ్లింట్లోవాళ్లు ఇవ్వాల్సిన జవాబు.

పురిటిగదిలో మొహాలు చిట్లించుకోవడం మానేశామని, ఇద్దరాడపిల్లలైనా చాలనుకుంటున్నామని ఈమధ్య మనం గర్వంగా చెప్పుకుంటున్నాం. సంతోషమే. చదువులోనూ తేడా చూపించడం లేదంటున్నాం. అదీ సంతోషమే. అయితే పెద్ద పెద్ద విషయాల్లో న్యాయంగా ఉండడం ఒక్కోసారి తేలిక, నలుగురూ చూస్తుంటారు కాబట్టి. ఎవరూ చూడని చోటు వంటిల్లు. ఓ చిన్న పరీక్ష చెప్తాను, ఖర్చులేనిది. పెరట్లో పెట్ట ఇవాళ ఒక్క గుడ్డే పెట్టిందనుకోండి. ఇంట్లో అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ ఉన్నారు. ఆ గుడ్డు ఉడకబెట్టి, పెంకు ఒలిచి, ఎవరి కంచంలో వేస్తున్నారో మీ చెయ్యినే మీరు గమనించండి. చేతిలోకి కత్తి తీసుకుని రెండు ముక్కలు చేశారా, ఫరవాలేదు. ఆలోచించకుండానే ఒకే కంచంవైపు వెళ్లిందా, ఆ చేతికి ఇంకా రంగు పూసిన పిల్లలూ గంపలోని పిల్లలూ వేరువేరుగానే కనబడుతున్నాయన్నమాట.