తల్లిపక్షిని విడిచిపెట్టుట

మన దేశమందు కొన్ని అడవులును, సరస్సులును, పూర్వకాలపు కట్టడములును ఎవరును పాడుచేయకూడదని చట్టముచేత కాపాడబడుచున్నవి. ఇది మంచిదేయని మనమందరము ఒప్పుకొందుము. అయితే ఆ హద్దురాయి మన పొలము గట్టుమీదికి వచ్చినప్పుడు మన మాట మారుచున్నది. పిట్టలు బ్రదుకుటకు మనుష్యులు పస్తులుండవలెనా అని అడుగుదుము. ఇది ఆకలిగొన్నవాని నోటనుండి వచ్చు ప్రశ్న గనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు. కొల్లేటి సంగతి ఎదుట ఉంచుకొని ఆలోచింతము.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దానిలో కలియును. మిగులు నీరు ఉప్పుటేరుగుండ సముద్రమునకు పోవును. వరదనీటిని పట్టియుంచి మెల్లగా విడుచుట దాని పని. 2024లో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి మనము మరువలేదు. ఆ యేటి నీరు చేరవలసిన చోటు కొల్లేరే. కొర్రమీను, వాలుగ, జెల్ల పట్టి అమ్ముకొని లంకగ్రామములవారు తరతరములుగా అక్కడ బ్రదికిరి. గూడబాతులు ఆటపాకలో నేటికిని గూళ్లు కట్టుకొనుచున్నవి.

1970వ దశకములో ప్రభుత్వమే సహకార సంఘములద్వారా బీదలకు చేపల చెరువులు ఇచ్చెను. అప్పుడు అందులో కీడేమియు కనబడలేదు. కాని లాభము కనబడగానే ధనవంతులు వచ్చిరి. బీదవాని వాటా కౌలు పేరున వారి చేతిలోనికి పోయెను. ఒక గట్టు ప్రక్కన మరియొక గట్టు లేచెను. 1999లో ఐదవ కాంటూరువరకు, అనగా సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు గీతవరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2006లో న్యాయస్థానపు ఆజ్ఞ ననుసరించి గట్లను పగులగొట్టిరి. పెద్దవానికి మరియొక దారి యుండును. ఆ వాటా తప్ప మరేమియు లేని చిన్నవానికి అది కన్నీటి దినము. జిరాయితీ భూములు హద్దులోనికి పోయినవారి మొర వేరు. 2008లో శాసనసభ ఆ హద్దును మూడవ కాంటూరుకు తగ్గించవలెనని తీర్మానించెను. వాదము ఇంకను తీరలేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పోనియ్యవలెను. గమనింతము: ఆ ఆజ్ఞ ఆకలిగొన్నవానిని గద్దింపలేదు, గూటిని ముట్టనే కూడదని చెప్పలేదు. పండు తినవచ్చును, వేరు పెరుకకూడదు అన్నదే దాని భావము. నేడు తల్లిని కూడ పట్టినవాడు రేపు ఆ చెట్టుక్రింద ఖాళీ గూటిని చూచును.

కొల్లేటిలో వలవేసి చేపను పట్టుట పిల్లను తీసికొనుట. ఆ నీటినే గట్లమధ్య బంధించి నాది యనుట తల్లిని పట్టుట. నిండు సరస్సులో వలయున్న ప్రతివానికిని పాలు కలదు. గట్టు కట్టిన చెరువులో పెట్టుబడి యున్నవానికే పాలు. గట్లు అడ్డుపడినప్పుడు వరద ముందుగా బీదవాని గడపనే త్రొక్కును. గనుక సరస్సును కాచుట బీదవానికి విరోధము కాదు. అది పట్టా లేనివాని పొలమును కాచుటయే.

అయినను తల్లిని విడువుమని చెప్పువాడు ఆ పూట కూటిమాట కూడ చెప్పవలెను. హద్దు గీయువారు పెద్దవాని గట్టునే మొదట కొట్టవలెను. పట్టా యున్నవానికి న్యాయమైన వెల ఇయ్యవలెను. వలవానికి నీటిమీద హక్కు నిలుపవలెను. ఇవి చేయక బీదవానిమీదనే చట్టమును ప్రయోగించిన యెడల అది కాపుదల కాదు, మరియొక అన్యాయము.

మన ఊరిలోను ఒక చిన్న కొల్లేరు ఉన్నది. అది చెరువు పోరంబోకు కావచ్చును, వాగు ఒడ్డు కావచ్చును, పొలములో ఎవరో పూర్వులు నిలిపిన పాతరాయి కావచ్చును. ఒక్క సాలే గదా అని ప్రతి యేడు నాగలిని కొంచెము లోపలికి త్రిప్పుచున్నామా? మన తరువాత మన పిల్లలును ఆకలితో అదే త్రోవను వత్తురు. వారు వచ్చునాటికి గూటిలో తల్లి యుండవలెను.