నిరాశ్రయుని ఎదుట యువకుని ధర్మం

హౌరాలో పుట్టి పెరిగిన తెలుగు యువజనులారా! యుద్ధాన్ని నిర్ణయించేవారు ఒకరు, దానివల్ల ఇల్లు విడిచి పోవలసినవారు మరొకరు. ఆ రెండోవారి పక్షాన నిలవడం మీ ధర్మం. అది మీ పెద్దల నుంచి మీకు సంక్రమించిన ఋణం కూడా.

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాదిమంది భారతీయులు స్వదేశానికి తరలివచ్చారు. చాలామంది కొండలూ అడవులూ కాలినడకన దాటారు. రంగూను రేవులో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగువారు వారిలో ఉన్నారు. ఆకలికీ కలరాకూ దారిలోనే రాలిపోయినవారు పోగా, కలకత్తా చేరినవారికి సొంత ఊరి రైలు ఈ హౌరాలోనే. దారిపొడవునా గంజి పోసినవారు ఉండబట్టే వారు ఇల్లు చేరారు.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మారణకాండకు దిగింది. ఆ హింసకు తాళలేక, ఆ ఏడాది ముగిసేలోగా సుమారు కోటిమంది భారతదేశాన్ని శరణు కోరారు. ఎక్కువమంది వచ్చింది పశ్చిమ బెంగాల్‌కే. మీ బేలూరు మఠం కేంద్రంగా పనిచేసే రామకృష్ణ మిషన్ వారికి సేవ చేసింది. సరిహద్దు దగ్గర బనగావ్‌లో కలరా ప్రబలి, నరానికి ఎక్కించే సెలైన్ నిండుకుంది. అప్పుడు వైద్యుడు దిలీప్ మహలనోబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని తాగించమన్నాడు. రోగుల బంధువులే దగ్గర కూర్చుని తాగించారు. వందకు ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగుకు లోపుగా తగ్గాయి.

కనుక జాలి ఒక్కటే చాలదు, పని నేర్చుకోండి. నీటిని శుద్ధి చేయడం, ప్రథమ చికిత్స, తప్పిపోయిన పిల్లల వివరాలు రాసిపెట్టడం ముందుగానే అభ్యసించండి. ఆపద వచ్చాక నేర్చుకుందామంటే, ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది మీరు కాదు.

శరణన్నవారిని కులమతాలు అడగకండి, అక్కర అడగండి. అన్నం పెడుతూ ఫొటో తీయకండి. పడిన బాధను పదిమందికీ చెప్పమని పీడించకండి. వంటలో, పంపకంలో, పిల్లల చదువులో వారినే ముందు నిలపండి; ఇల్లు పోయినా వారి నేర్పు పోలేదు. బనగావ్‌లో ప్రాణాలు నిలిపిన చేతులు నిరాశ్రయుల చేతులే. రేపు వస్తామన్న చోటికి రేపే వెళ్లండి. లోకం మీద నమ్మకం చెదిరినవారి దగ్గర ఆడిన మాట తప్పడం దానం మానడంకన్నా పెద్ద దోషం.

పత్రికలు యుద్ధాన్ని మరిచినా మీరు నిరాశ్రయుల దగ్గరికి వెళ్లడం మానకండి. మీరు ఆదుకున్న కుటుంబం తన కాళ్లపై తాను నిలబడేవరకు మీ పని పూర్తి కాదు. మీ బలాన్ని, చదువును, కాలాన్ని అందుకు వినియోగించండి. యౌవనానికి అంతకు మించిన సార్థకత లేదు.