రెండు లెక్కలు

ధ్యానమునకు వాక్యభాగములు: 1 సమూయేలు 16:14–23, 17:15, 2 సమూయేలు 24, లూకా 14:28–30, యోహాను 21:1–17



కొన్ని వారముల క్రిందట శనివారపు ప్రార్థన ముగిసిన తరువాత మన సంఘములోని యొక యౌవనుడు మా యింటికి వచ్చెను. అతని వెనుక అతని తల్లియు వచ్చి గుమ్మము దగ్గరనే నిలువబడెను. అబ్బాయి మండల కేంద్రములో మోటారులకు వైండింగు చేయు దుకాణములో పని చేయుచున్నాడు. నెలకు పండ్రెండు వేలు జీతము. తండ్రి లేడు. చెల్లెలు ఇంటరు చదువుచున్నది. ఇంట నొక పాడిగేదె యున్నది.

ఈ అబ్బాయికి చిన్ననాటినుండి గాలము వేయుట యనిన మహా యిష్టము. రెండేండ్లనుండి కాలువ లాకుల దగ్గర గాలము వేయుచు, ఏ యెరకు ఏ చేప పడునో, ఏ వేళ కొరమీను పైకి వచ్చునో చెప్పుచు, ఫోనులో వీడియోలు తీసి యూట్యూబులో పెట్టుచున్నాడు. అతని ఛానెలుకు ఆరువందల నలుబదిమంది సబ్‌స్క్రైబర్లు చేరియున్నారు.

"అయ్యగారూ, దుకాణం మానేద్దామనుకుంటున్నాను. గేదెను అమ్మి మంచి కెమెరా కొంటాను. ఇక ఇదే నా పని. ఇది దేవుని చిత్తమో కాదో మీరు ప్రార్థన చేసి చెప్పండి" అని అతడనెను. తల్లి ఒక్క మాటయు పలుకలేదు. కొంగుతో కన్నులు తుడుచుకొనుచుండెను.

ప్రియులారా, ఇట్టి ప్రశ్న నేడు మన గ్రామములలో అనేక గృహములలో నున్నది. కాబట్టి ఆ రాత్రి మేము మాటలాడుకొన్న సంగతులను, అతని అనుమతితో, మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటి సంగతి. సరదాగా నేర్చిన విద్య అన్నము పెట్టుట తప్పు కాదు. దావీదును చూడుడి. గొఱ్ఱెలను మేపుకొను పిల్లవాడు సితారా వాయించుట నేర్చుకొనెను. అది జీతమునకు చేసిన పని కాదు. అయినను ఆ వేళ్ల నేర్పు సౌలు సేవకునికి తెలిసి, ఆ పిల్లవానిని రాజనగరుకు చేర్చెను. దేవుడు మనిషి చేతిలో నుంచిన నేర్పును, అది గొఱ్ఱెల మంద దగ్గర నేర్చినదైనను, కాలువ గట్టున నేర్చినదైనను, తృణీకరింపరాదు.

మన తెలుగు దేశములోనే ఇందుకు సాక్ష్యములున్నవి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో ఆరంభమైన మై విలేజ్ షో అను ఛానెలులో, పొలము పనులకు కూలికి పోయిన గంగవ్వ తన యూరి మాటతో, యాసతో లక్షలమందిని నవ్వించినది. తెలంగాణవారైన నారాయణరెడ్డిగారు గ్రాండ్‌పా కిచెన్ అను ఛానెలులో ఆరుబయట పొయ్యి పెట్టి, పెద్ద పాత్రలలో వంట చేసి, ఆ భోజనమును అనాథ బాలబాలికలకు పెట్టెడివారు. 2019 అక్టోబరులో ఆయన కన్నుమూసినప్పుడు అనేక దేశములవారు దుఃఖించిరి. కావున ఫోను పట్టుకొన్న ప్రతి పిల్లవానిని పనికిమాలినవాడని పెద్దలు గద్దింపవద్దు.

రెండవ సంగతి. అయితే లెక్క చూడవలెను. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి, దానిని ముగించుటకు తగినది తనయొద్ద ఉన్నదో లేదో చూచుకొనడా యని మన ప్రభువు అడిగెను. పునాది వేసి విడిచిపెట్టినవానిని చూచి త్రోవన పోవువారు నవ్వుదురు. భక్తిగలవాడు లెక్క చూడనక్కరలేదని ప్రభువు ఎన్నడును చెప్పలేదు. కూర్చుండి లెక్క చూడుమనియే చెప్పెను. అందుచేత ఆ రాత్రి మేమును కాగితము, కలము తీసికొని కూర్చుంటిమి.

యూట్యూబు వారు ప్రకటనల సొమ్ములో భాగమిచ్చుటకు వేయిమంది సబ్‌స్క్రైబర్లు ఉండవలెను. దానితోకూడ గడచిన పండ్రెండు మాసములలో జనులు ఆ వీడియోలను నాలుగువేల గంటలు చూచియుండవలెను. లేదా పొట్టి వీడియోలైనయెడల తొంబది దినములలో కోటి మారులు చూచియుండవలెను. నాలుగువేల గంటలనగా రెండు లక్షల నలుబది వేల నిమిషములు. ఒక్కొక్కరు మూడేసి నిమిషములు చూచిరనుకొన్నను ఎనుబది వేల మారులు చూడవలెను. అది దాటిన తరువాత, నిడుపాటి వీడియోలపై వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి ఏబదియైదు వంతులు వీడియో చేసినవానికి వచ్చును. ఆ రాబడి చూచువాని దేశమునుబట్టి, కాలమునుబట్టి, విషయమునుబట్టి మారుచుండును. ఒక నెల వచ్చినంత మరునెల రాకపోవచ్చును. నూరు డాలర్లు కూడువరకు చేతికి రాదు.

పిమ్మట కాగితమునకు రెండవ ప్రక్క తల్లిని అడిగి వ్రాసితిని. గేదె పాల డబ్బు ఎంత? చెల్లెలి ఫీజు ఎంత? డ్వాక్రా సంఘపు వాయిదా ఎంత? ఆమె అప్పుడు నోరు తెరచి, ఒక్కొక్కటిగా చెప్పెను. చెల్లెలి చదువు ఆ గేదె పాలమీదనే నడచుచున్నదని అబ్బాయికి అంతవరకు సరిగా తెలియదు. అతడు తలవంచుకొనెను.

మరియొక మాట చెప్పితిని. "నాయనా, ఈ ఛానెలు సొంత పొలము కాదు, కౌలు పొలము. నీవు దున్నవచ్చును, విత్తవచ్చును. గట్టు మాత్రము పరులది. 2020 జూను 29న మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను, దానితోకూడ మరి ఏబదియెనిమిది యాప్‌లను నిషేధించెను. ఆ దినమువరకు దానిలో లక్షలమంది అభిమానులు గలిగిన పల్లెటూరి బిడ్డలు మరునాడు ఎవరును లేనివారైరి. వారు చేసిన తప్పేమియు లేదు. కౌలు పొలము పోయినది, అంతే."

ఇక్కడ దావీదును మరల చూడుడి. రాజు సముఖమున సితారా వాయించువాడైన తరువాతను అతడు బేత్లెహేమునకు వచ్చుచు పోవుచు తన తండ్రి గొఱ్ఱెలను మేపుచుండెనని గ్రంథము చెప్పుచున్నది. ఈ చిన్న వచనమును మనము చదివి దాటిపోవుదుము. రాజనగరు దొరికెను గదా యని అతడు మందను విడిచిపెట్టలేదు. సితారాయు ఉండెను, మందయు ఉండెను. కావున, "క్రొత్త పని రాబడి ఆరు నెలలు వరుసగా నీ జీతమునకు సమానముగా వచ్చువరకు దుకాణము మానవద్దు, గేదెను అమ్మవద్దు" అని నేను చెప్పితిని.

మూడవ సంగతి. ఇది చెప్పుట నాకు కష్టము. లెక్కలలో ప్రభువు చూడుమన్న లెక్క ఒకటి యున్నది. మనిషి హృదయమును చెరుపు లెక్క మరియొకటి యున్నది. ఆ దావీదే రాజై స్థిరపడిన తరువాత, దాను మొదలుకొని బెయేర్షెబావరకు జనులను లెక్కించుడని యోవాబుకు ఆజ్ఞాపించెను. ఈ పనియందు రాజునకు ఎందుకింత యిష్టమని యోవాబు అడిగెను గాని రాజు వినలేదు. తొమ్మిది నెలల ఇరువది దినములు తిరిగి లెక్క తెచ్చిరి. ఇశ్రాయేలులో ఎనిమిది లక్షలు, యూదాలో అయిదు లక్షలు. లెక్క చేతికి వచ్చిన తరువాత దావీదు మనస్సే అతనిని కొట్టెను.

జనులను లెక్కించుట తనంతట తాను పాపము కాదు. మోషే కాలమున దేవుడే లెక్కింపుమని చెప్పెను. అయితే దావీదు ఆ లెక్కను చూచుకొని, తానెంతవాడో తెలిసికొనగోరెనని నేను గ్రహించుచున్నాను. గోపురపు లెక్క, నాయొద్ద ఏమున్నదని అడుగును. దావీదు లెక్క, నేనెంత గొప్పవాడనని అడుగును.

నేనును ఈ లెక్కలో పడినవాడనే. 2020లో లాక్‌డౌను వచ్చి ఆలయము మూసినప్పుడు, ఇండ్లలోనున్న మీ నిమిత్తము ప్రసంగములను ఫోనులో తీసి పెట్టితిని. అది మంచి తలంపే. మొదటి ప్రసంగమును నలుబదిమంది చూచిరి, సంతోషించితిని. ఒకదానిని రెండువేలమంది చూచిరి. ఆ రాత్రి నాలుగు మారులు లేచి అంకె ఎంతవరకు పెరిగెనో చూచితిని. కొన్నాళ్లకు, అప్పు తీర్చుటనుగూర్చియు, త్రాగుడునుగూర్చియు చెప్పినప్పుడు చూచువారు తగ్గుచున్నారని గమనించి, ఆ సంగతులు చెప్పుట తగ్గించితిని. అది ఎవరును నాకు చెప్పలేదు. అంకె చెప్పెను, నేను విధేయుడనైతిని.

ఒక సాయంకాలము మంచము పట్టిన యొక వృద్ధురాలికి కీర్తన చదువుచుండగా జేబులో ఫోను కదిలెను. చదువుట ఆపి, తీసి చూచితిని. ఆ తల్లి నన్ను చూచి, "ఎవరో తొందరగా పిలుస్తున్నట్టున్నారు, వెళ్లి రండి అయ్యగారూ" అని మెల్లగా అనెను. ఆమె మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే అది నన్ను మరి యెక్కువగా పొడిచెను. రెండువేలమందిని లెక్కించుకొనుచున్న కాపరి, తన యెదుటనున్న ఒక్క గొఱ్ఱెను విడిచిపెట్టెను. దావీదు మనస్సు దావీదును కొట్టినట్లు నా మనస్సు నన్ను కొట్టినది.

ఈ సంగతి అబ్బాయికి చెప్పినప్పుడు అతడును తన సంగతి ఒప్పుకొనెను. ఆదివారము ఉదయము వెలుతురు బాగుండునని, ఆ వేళ తీసిన వీడియోలను ఎక్కువమంది చూతురని, ఆరాధన మాని కాలువకు పోవుచున్నాడు. మరియు ఒకడు అతనికి సందేశము పంపి, డబ్బుపెట్టి ఆడు ఆటనుగూర్చి నీ వీడియోలో రెండు మాటలు చెప్పినయెడల ఎనిమిదివేలు ఇత్తుమనెను. అతడు ఇంకను జవాబు చెప్పలేదు. ఎనిమిదివేలనగా కెమెరాలో కొంత భాగము గదా యని తలంచుచుండెను.

"నాయనా," అంటిని, "2025 మార్చిలో ఇట్టి బెట్టింగు యాప్‌లకు ప్రచారము చేసినవారిమీద తెలంగాణ పోలీసులు కేసులు పెట్టిరి. ఆ యేడు ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసి, డబ్బుపెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను, వాటి ప్రకటనలను కూడ నిషేధించినది. చట్టము సంగతి అటుంచుము. ఎర సంగతి నీకంటె బాగుగా ఎవరికి తెలియును? చేపకు కనబడునది వానపాము. లోపల నుండునది కొక్కెము. నిన్ను నమ్మి చూచు ఆరువందల నలుబదిమంది పిల్లలకు నీ నోటితో ఆ యెర వేయుదువా? మన ప్రభువు జాలరులను పిలిచినది మనుష్యులను బ్రదికించుటకే గాని కొక్కెమునకు గ్రుచ్చుటకు కాదు."

అబ్బాయి అచ్చటనే ఆ సందేశమును తుడిచివేసెను. దుకాణము మానుటనుగూర్చి మాత్రము ఆ రాత్రి ఏమియు తేల్చలేదు. కొంచెము ముఖము చిన్నబుచ్చుకొనియే వెళ్లెను. అయితే గత ఆదివారము వెనుక వరుసలో తల్లి దగ్గర కూర్చుండియుండుట చూచితిని. గేదె ఇంకను వారి పాకలోనే యున్నది. సాయంకాలములు దుకాణమునుండి వచ్చిన తరువాత అతడు కాలువకు పోవుచున్నాడట. ఆ పని ముందు ముందు అతనికి అన్నము పెట్టునో లేదో నాకు తెలియదు. పెట్టవలెనని ప్రార్థించుచున్నాను.

చివరి మాట. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిలిచిన ఉదయమును జ్ఞాపకము చేసికొనుడి. రాత్రి అంతయు ఏమియు పడలేదు. ఆయన మాటచొప్పున వల వేయగా గొప్ప చేపలు పడెను. ఎవరో వాటిని లెక్కించిరి, నూట ఏబదిమూడు. ఆ అంకె సువార్తలో వ్రాయబడియున్నది. కావున మన పని ఫలమును లెక్కించి సంతోషించుటయు ప్రభువునకు అసహ్యము కాదు. అయితే వారు ఒడ్డునకు రాకమునుపే ఆయన నిప్పులు రాజబెట్టి, చేపను, రొట్టెను సిద్ధపరచియుండెను. వారి కడుపు నిండుట ఆ నూట ఏబదిమూడింటిమీద ఆధారపడియుండలేదు. భోజనమైన తరువాత ఆయన పేతురును ఎన్ని చేపలు పడెనని అడుగలేదు. నన్ను ప్రేమించుచున్నావా యని ముమ్మారు అడిగెను. పిమ్మట తన గొఱ్ఱెలను అతనికి అప్పగించెను.

తలిదండ్రులారా, మీ బిడ్డ ఫోను పట్టుకొని కలలు కనుచున్నయెడల గద్దింపకుడి. ప్రక్కన కూర్చుండి, కాగితము తీసికొని, ఇంటి లెక్కయు వాని లెక్కయు కలిపి చూడుడి. యౌవనులారా, దేవుడిచ్చిన నేర్పును దాచుకొనకుడి. అయితే మందను విడువకుడి, ఆదివారమును అమ్ముకొనకుడి, మిమ్మును నమ్మినవారికి ఎర వేయకుడి. రాత్రి పండుకొనబోవునప్పుడు మీరు కడపట చూచునది అంకెయైయున్నదా, ప్రభువు ముఖమైయున్నదా యని మిమ్మును మీరు అడుగుకొనుడి. నేనును అడుగుకొనుచున్నాను.

ప్రార్థన: ప్రభువా, మా చేతులకు నేర్పు నిచ్చినవాడవు నీవే. చూడవలసిన లెక్కను చూచుటకు మాకు బుద్ధి నిమ్ము. చూడకూడని లెక్కనుండి మా కన్నులను త్రిప్పుము. మా యెదుటనున్న ఒక్కరిని విడిచిపెట్టకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.