మద్దెల నిజంగానే ఓడైతే?



వెనుకటికి ఒకామె ఆడలేక మద్దెల ఓడు అన్నదట. పని చెడగొట్టుకొని పనిముట్టును తిట్టేవారిని చూసి మన పెద్దలు ఈ సామెత చెప్పి నవ్వేవారు. నేనూ చాలాసార్లు నవ్వినదాన్నే. అయితే మద్దెల నిజంగానే ఓడైతే సంగతి ఏమిటి? అప్పుడు తప్పు ఎవరిమీద వేయాలి? ఈ ప్రశ్నను నాకు ఏ పండితుడూ వేయలేదు. మా ఇంటి ఓవెన్ వేసింది.

మేము నివసించేది నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్‌లో. ముద్‌ఖేడ్ నుండి ఆదిలాబాదుకు పోయే రైలుమార్గంలో ఈ ఊరు వస్తుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు ఈ ప్రాంతం కూడా హైదరాబాదు రాష్ట్రములోనిదే. గనుక తెలుగు ఇక్కడ కొత్త భాష కాదు. అయినా ఆదివారం ఒకచోట కూడుకొనే మన కుటుంబాలు కొద్దే. మాలో ఎవరికి ఏమి ఉంటే అది అందరికీ పనికివస్తుంది. ఒకరి ఇంట్లో పెద్ద గిన్నెలు, ఒకరి ఇంట్లో చాపలు, మా ఇంట్లో ఓవెన్.

ఆ ఓవెన్ ఎలాంటిదో మీలో పెద్దవారికి చెప్పనక్కరలేదు. గుండ్రటి అల్యూమినియం గిన్నె, మూత మధ్యలో చిన్న అద్దం, లోపల కాయిల్. వేడిని హెచ్చించడానికి, తగ్గించడానికి దానికి మీట లేదు. ప్లగ్గు పెడితే కాలుతుంది, తీస్తే చల్లారుతుంది. మాదానిలో కాయిల్ ఒకసారి తెగితే రెండు కొసలు మెలిపెట్టి అతికించాము. అప్పటినుండి అది ఒక పక్క ఎర్రగా, మరొక పక్క మందంగా కాలేది. కేకు ఒక వైపు మాడి, ఇంకొక వైపు తెల్లగా దిగేది. తినేది ఇంట్లోవారమే గనుక మాడిన చోట గీకి తినేవాళ్ళము.

2008 డిసెంబరులో క్రిస్మసుకు కేకు మనమే చేసుకుందామని స్త్రీలమంతా అనుకున్నాము. అయిదు ఇండ్లవారు ఇంటికి రెండేసి గుడ్లు ఇచ్చారు. అరకిలో మైదా ఒకరు, చక్కెర ఒకరు, వెన్న ఒకరు, కిస్‌మిస్‌లు, జీడిపప్పు మరొకరు తెచ్చారు. గుడ్లు తెచ్చినవారిలో ఒక పెద్దమ్మ ఉన్నారు. ఆమెకు ఉన్నవే రెండు కోళ్ళు. ఆ రెండు గుడ్లు కొంగులో పెట్టుకొని నడిచి వచ్చి నా చేతిలో పెట్టారు. కాల్చే పని నాది.

రాత్రి ఏడు గంటలకు పిండి ఓవెన్‌లో పెట్టాను. అరగంటకు కరెంటు పోయింది, పది నిమిషాలకు మళ్ళీ వచ్చింది. ఆ సంవత్సరాలలో మహారాష్ట్ర ఊళ్ళలో కరెంటు కోతలు అందరికీ అలవాటే. గంటన్నరకు మూత తీస్తే ఒక అంచు బొగ్గు, ఇంకొక అంచు పచ్చి, నడుమ గుంట. చీపురుపుల్ల గుచ్చితే పిండి తడితడిగా అంటుకొని వచ్చింది. పది గుడ్లూ పోయాయి.

మరునాడు అందరితో, "కరెంటు పోయిందమ్మా, నేనేం చేయను?" అన్నాను. "అయ్యో, కరెంటు మన చేతిలో ఉన్నదా" అన్నారు వారు. బేకరీ నుండి కేకు తెప్పించి పండుగ జరుపుకొన్నాము. ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. కరెంటు పోయిన మాట నిజమే. అయినా నిజమే చెప్పి ఎదుటివారిని మోసపుచ్చవచ్చునని నాకు ఆ పండుగనాడు అర్థమైంది. కాయిల్ సంగతి నాకు రెండు నెలలుగా తెలుసు. తెలిసి కూడా అయిదిండ్ల గుడ్లు దానిలో పోశాను. ఆ పది నిమిషాలు నాకు దొరికిన సాకు.

కొన్ని వారాలు గడిచాక ఉండబట్టలేక ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నా మాట అయిపోయేదాకా విని, తల ఎత్తకుండానే, "కరెంటు మా ఇంట్ల గూడ పోయింది బిడ్డా. పది నిమిషాలల్ల వచ్చింది" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. అంటే, నేను దాచానని అనుకున్నది వారికి మొదటినుండీ తెలుసు. నన్ను సిగ్గుపరచకూడదని ఊరకున్నారు.

ఇప్పుడు సామెత దగ్గరికి వద్దాము. మద్దెల ఓడా కాదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఓడు అని నీకు ఎప్పటినుండి తెలుసు అన్నది రెండవ ప్రశ్న. మొదటిసారి కేకు మాడినప్పుడు తప్పు ఓవెన్‌దే, సందేహం లేదు. రెండవసారి సగం నాది. మూడవసారి, అందులోనూ ఇతరుల సొమ్ము దానిలో పెట్టినప్పుడు, తప్పు పూర్తిగా నాదే.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దములోనే ఈ భేదాన్ని విచారించాడు. తెలియక చేసినదానికి మన్నింపు ఉండవచ్చు గాని, తెలుసుకోవడం తన చేతిలో ఉండి కూడా పట్టించుకోనివానికి ఆ మన్నింపు చెల్లదన్నాడు. తాగిన మత్తులో నేరం చేసినవానికి రెట్టింపు శిక్ష వేసే చట్టాన్ని ఉదాహరణగా చూపాడు. ఇక మనకు బాగా తెలిసిన గ్రంథములో, హోషేయ ప్రవక్త 7వ అధ్యాయములో ఎఫ్రాయిమును తిరగవేయని రొట్టెతో పోల్చాడు. ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా మిగిలిన రొట్టె ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ పోలికలో నిప్పు చాలలేదన్న మాట లేదు. తిరగవేయలేదన్న మాటే ఉన్నది.

అలాగని ప్రతి నష్టానికీ నేనే కారణమని గుండెలు బాదుకోవడం కూడా సత్యం కాదు. మన ఇండ్లకు 230 వోల్టుల కరెంటు రావాలి. సాయంకాలం అది 180కి పడిపోతే కాయిల్ ఇచ్చే వేడి నూటికి సుమారు 61 వంతులకు తగ్గిపోతుంది. ఎందుకంటే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. ఇక పిండిలో పుట్టిన గాలి బుడగలు కేకును పైకి లేపుతాయి. గుడ్డు, మైదా గట్టిపడి ఆ బుడగలను నిలబెట్టాలి. అది జరగకముందే వేడి తగ్గితే నడుమ కుంగిపోతుంది. ఎంత శ్రద్ధగల ఇల్లాలైనా దీనిని తప్పించలేదు. మన చేతిలో లేనిది మన తప్పుగా మోయనక్కరలేదు. అయితే మన చేతిలో ఉన్నదానిని తెచ్చి దాని వెనుక దాచిపెట్టకూడదు.

ఆ తరువాత నేను చేసినవి చిన్న పనులే. ముందుగా కాయిల్ మార్పించాను. ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు కొన్నాను. మామూలు కేకుకు సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అది వచ్చిందని చూసిన తరువాతే పిండి పెడతాను. మూడింట రెండు వంతుల సమయం గడిచేవరకు మూత తీయను. అప్పుడు తీసి గిన్నెను సగం చుట్టు తిప్పుతాను. ఒక పెద్ద కేకుకు బదులు రెండు చిన్నవి చేస్తాను. కరెంటు మీద నమ్మకం లేని రోజున ప్రెషర్ కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గాస్కెట్, వెయిటు తీసివేసి, సన్నని సెగమీద కాలుస్తాను. మరీ ఎక్కువ చేయవలసివస్తే, దీపావళికి ఇక్కడివారు పిండి, నెయ్యి తీసుకుపోయి నాన్‌కటాయి కాల్పించుకొన్నట్లే, బేకరీ భట్టీకి తీసుకువెళ్ళడంలో చిన్నతనమేమీ లేదు. పదిమంది కోసం చేసేటప్పుడైతే ముందురోజు ఒక్క గుడ్డుతో చిన్న కేకు కాల్చి చూస్తాను. పోతే నా గుడ్డే పోవాలి.

ఓవెన్ సంగతి ఇంతటితో తీరింది. మనుషుల సంగతి ఇంత సులువు కాదు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే సహోదరుని చేతికే కూడిక గది తాళంచెవి ఇస్తాము. తరువాత గుమ్మం ముందు నిలబడి సణుగుతాము. మరచిపోయే అలవాటు గలవారికి ముఖ్యమైన కబురు అప్పగిస్తాము. కబురు చేరకపోతే వారి గుణమే అంత అంటాము. వారి గుణం మనకు నిన్న తెలియదా? తెలిసి కూడా అప్పగించినప్పుడు ఆ తప్పులో మన పాలు లేదా? ఒకరి బలహీనత మనకు తెలిసిందంటే, దానికి తగినట్టు నడుచుకొనే బాధ్యత మన మీద పడినట్టే.

చెడిపోయిన ఓవెన్‌ను పాత సామానువానికి వేయవచ్చు. మనుషులను అలా వేయలేము. అలాగని వారికి ఏ పనీ అప్పగించకుండా మూలన కూర్చోబెట్టడం కూడా ప్రేమ కాదు. చిన్న పని ముందు ఇచ్చి, దగ్గర ఉండి చూసి, తిప్పవలసిన వేళ తిప్పడమే మార్గమని నాకు తోస్తుంది. దానికి ఓపిక కావాలి. నా పట్ల ఆ ఓపిక చూపినవారు ఉన్నారు గనుక నేను లేదనలేను.

2009 డిసెంబరులో మళ్ళీ కేకు మాట వచ్చింది. ఆ పెద్దమ్మ మళ్ళీ రెండు గుడ్లు కొంగులో పెట్టుకొని వచ్చారు. "ఈసారి కరెంటు పోదు లే బిడ్డా" అని నవ్వారు. కేకు లోపలిదాకా కాలింది గాని కాస్త ఒక పక్కకు ఒరిగింది. ఎందుకు ఒరిగిందని అడిగినవారికి, గిన్నె తిప్పడం ఆలస్యం చేశానని చెప్పాను.

మీ సహోదరి,
హిమాయత్‌నగర్