పేరు కొన్నవాడు

తుపాకుల గురించి మన పత్రికలో ఏమిటని పాఠకులు కొంచెం విసుక్కోవచ్చు. నేను తుపాకి పట్టినవాణ్ణి కాను. ముప్పై ఏళ్లు ఆకురాయి పట్టినవాణ్ణి. హోసూరు నుంచి రోజూ బస్సెక్కి బెంగుళూరు వెళ్లి, ఒక యంత్రాల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అందుకే అమెరికాలో ఒక రైఫిలుకు పట్టిన గతి గురించి చదివినప్పుడు మా షాపులో కథే చదువుతున్నట్టనిపించింది. దానితోపాటు ఒక ప్రశ్న కూడా పట్టుకుంది. వస్తువు మీద ఉండే పేరు ఎవరిది? ఆ పేరును అమ్మితే కొన్నవాడి చేతికి అసలేం వస్తుంది?

ఆ తుపాకిని లీవర్ యాక్షన్ రైఫిల్ అంటారు. పాత కౌబాయ్ సినిమాల్లో మీరు చూసే ఉంటారు. ట్రిగ్గరు చుట్టూ ఉన్న కడ్డీని వేళ్లతో కిందికి తోస్తే పేలిన తూటా గొట్టం బయటపడుతుంది. పైకి లాగితే కొత్త తూటా లోపలికి వెళ్తుంది. చూడడానికి ఇంతే. కానీ లోపల చిన్న చిన్న ముక్కలు ఒకదాన్నొకటి సమయానికి అందుకోవాలి. ఒక ముక్క వెంట్రుకవాసి తేడాగా ఉన్నా తూటా అడ్డం పడుతుంది. ఎలుగుబంట్లు తిరిగే అలాస్కాలో ఇలాంటి రైఫిలును ప్రాణరక్షణకు వెంట తీసుకెళ్తారు. అక్కడ అది అడ్డం తిరిగితే షాపుకు తీసుకెళ్లి మార్చుకునే వ్యవధి ఉండదు.

జాన్ మార్లిన్ అనే ఆయన 1870లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో తుపాకుల పని మొదలుపెట్టాడు. 1924లో ఆ సంస్థ వేలానికి వచ్చింది. ఫ్రాంక్ కెన్నా అనే ఆయన 100 డాలర్లకు పాడుకున్నాడనీ, దానితోపాటు 1 లక్ష డాలర్ల తాకట్టు అప్పు కూడా నెత్తికెత్తుకున్నాడనీ చెబుతారు. ఆ కుటుంబం ఎనభై ఏళ్లకు పైగా నడిపి, 2007లో రెమింగ్టన్ కంపెనీకి అమ్మేసింది. నార్త్ హేవెన్‌లో ఉన్న ఫ్యాక్టరీని మూసేస్తున్నట్టు 2010లో ప్రకటన వచ్చింది. 2011కల్లా దానికి తాళం పడింది. పని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు తరలిపోయింది.

ఆ తర్వాత వచ్చిన రైఫిళ్ల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. కర్రకూ ఇనుముకూ మధ్య సందులు, వంకరగా బిగించిన గురి మొనలు, అడ్డంపడే తూటాలు. కొనేవాళ్లు గొట్టం మీద ‘జె.ఎం.’ అనే ముద్ర కోసం వెతకసాగారు. అది పాత ఫ్యాక్టరీ గుర్తు. కొత్తవాటికి రెండు కంపెనీల పేర్లూ కలిపి ‘రెమ్లిన్’ అని ఎగతాళి పేరు పెట్టారు.

దీనికి కారణంగా చెప్పిన మాట చదివి కాసేపు పత్రిక పక్కన పెట్టాను. యంత్రాలు అరిగిపోయినవి. డ్రాయింగులు పాతవి, చేస్తున్న పనితో సరిపోవు. ఆ తేడా ఏళ్ల తరబడి పనివాళ్ల చేతుల్లోనే సర్దుకుపోతూ వచ్చింది. యంత్రాలు లారీలెక్కి వెళ్లాయి గాని ఆ చేతులు వెళ్లలేదు.

ఇది నాకు కొత్త సంగతి కాదు. మా షాపులో ఒక ముక్కకు డ్రాయింగులో ఒక కొలత ఉండేది. ఆ కొలతకు చేస్తే అది బిగుసుకుపోయేది. నేను చేరిన కొత్తలో మా మేస్త్రీ మూలన రెండుసార్లు ఆకురాయి రుద్ది, నన్ను చూసి కళ్లెగరేసి వెళ్లిపోయాడు. నా శిక్షణ అదే. దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

అయితే దీన్నిబట్టి ‘పాత చేతులే గొప్ప, పాత ఊరే గొప్ప’ అనుకుంటే పొరపాటు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఇదే రకం తుపాకులు చేసిన విన్చెస్టర్ సంగతి చూడండి. 1964లో వాళ్ల ఫ్యాక్టరీ చేతులు మారలేదు, ఊరు మారలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మాత్రం మార్చారు. నాణ్యత పడిపోయిందని జనం గ్రహించారు. ఈనాటికీ 1964కు ముందు చేసిన తుపాకికే ఎక్కువ ధర పెడతారు. అంటే సొంత ఇంట్లోనే, సొంత మనుషులే పేరు చెడగొట్టుకోవచ్చు.

తర్వాత 2006లో న్యూ హేవెన్‌లోని ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2010 నుంచి అదే పేరుతో అదే నమూనా జపాన్‌లో మిరోకు అనే సంస్థ చేస్తోంది. పనితనానికి వంక పెట్టేవాళ్లు తక్కువ. అయినా ‘ఇది అసలు విన్చెస్టర్ కాదు’ అనేవాళ్లున్నారు. మార్లిన్ కథా అక్కడితో ఆగలేదు. రెమింగ్టన్ తర్వాతి రోజుల్లో పనిని కొంత మెరుగుపరిచినా, 2020లో మళ్లీ దివాలా తీసింది. రూగర్ కంపెనీ సుమారు 3 కోట్ల డాలర్లకు మార్లిన్‌ను కొన్నది. వెంటనే సరుకు బజారుకు తోయకుండా ఏడాది పైన ఆగి, నార్త్ కరోలినాలోని తన ఫ్యాక్టరీలో పని కుదుర్చుకుని, 2021 డిసెంబరులో మొదటి రైఫిళ్లు పంపింది. ఊరు కొత్తది, మనుషులు కొత్తవాళ్లు. అయినా వాడినవాళ్లు మెచ్చుకున్నారు.

కాబట్టి ‘ఇది అసలుదేనా?’, ‘ఇది మంచిదేనా?’ అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మనం ఒకటి అడిగి రెండోదానికి జవాబు దొరికిందనుకుంటాం. మిళింద రాజుతో నాగసేనుడు దీపం సంగతి చెప్పాడంటారు. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము మంటా చివరి జాము మంటా ఒకటే అనలేం, వేరనీ అనలేం. ఒకదాన్ని ఆసరా చేసుకుని ఇంకొకటి వెలుగుతుంది. పేరు కూడా అంతేనని నాకు తోస్తుంది. కాకపోతే రాత్రంతా ఎవరో ఒకరు లేచి నూనె పోయాలి.

పేరంటే ఒక మాట ఇవ్వడం. ముందువాళ్లు చేసిన మంచి పనిని చూసి, ముక్కు మొహం తెలియని మనిషి ముందుగానే డబ్బు చేతిలో పెడతాడు. అది అతని నమ్మకం. పేరు కొన్నవాడు ఆ నమ్మకాన్ని ఆస్తిగా లెక్క రాసుకుంటాడు. నిజానికది అప్పు. కెన్నా కొన్న సంస్థకు ఆ అప్పు కాగితం మీదే ఉంది కనుక తీర్చక తప్పలేదు. పేరుతో వచ్చే అప్పు ఏ దస్తావేజులోనూ కనబడదు. అందుకే ఎగ్గొట్టడం సులువు. కోర్టు పట్టుకోదు. పట్టుకునేది అడవిలో అడ్డంపడిన తూటా.

మరి పేరు అమ్మినవాడికీ, పని వదిలి వచ్చినవాడికీ బాధ్యత లేదా? ఇక్కడే నా గొంతు కొంచెం తగ్గుతుంది. నేను రిటైరయ్యే ముందు మా షాపును వేరే చోటికి మార్చారు. నీకేం తెలుసో చెప్పి వెళ్లమని నన్ను ఎవరూ అడగలేదు. ఆ కోపంతో నేనూ చెప్పలేదు. తర్వాత ఒక ఆదివారం నా చోట చేరిన కుర్రవాడు హోసూరులో మా ఇంటికి వచ్చాడు. “అన్నా, డ్రాయింగులో ఉన్నట్టే చేసినా. ఎందుకు పట్టడంలేదో తెలియట్లేదు” అన్నాడు. కాఫీ ఇచ్చాను. “డ్రాయింగు సరిగ్గా చూడు నాయనా” అని పంపేశాను. యాజమాన్యం మీది కసి ఆ పిల్లవాడి మీద తీర్చుకున్నాను. యాజమాన్యానికి అది తెలియను కూడా తెలియదు.

మన ఇళ్లలో మాతృభాష అన్న గడిలో తెలుగు అని రాయడం ఎవరూ మానలేదు. ఆ మాట వెనక మనవలకు మనం ఏం అందిస్తున్నామని ఎవరికి వారు చూసుకుంటే, న్యూ హేవెన్ మనకంత దూరం అనిపించదు.

నిన్న ఆ కుర్రవాడికి ఫోను చేసి వచ్చే ఆదివారం ఆ ముక్క పట్టుకు రమ్మన్నాను. అటక మీది పెట్టె దించి, ఆకురాయికి పట్టిన తుప్పు బ్రష్షుతో దులిపి పెట్టుకున్నాను.